ఆదరించేవారి అలసట

2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిరప ధర కుదేలైనప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ అంకెను అందరం పత్రికల్లో చదివాం. అంతకు మూడేళ్ల ముందు, 2021-22 పంటకాలంలో, నల్ల తామర పురుగు పూతలో చేరి గుంటూరు, ప్రకాశం చేలను ఊడ్చేసిన సంగతి కూడా ఎవరూ మరచిపోలేదు. ఇలాంటి వార్త యార్డు నుండి ఊరికి, ఊరి నుండి ఇంటికి చేరుతుంది. కౌలు కట్టాలి. పురుగుమందుల కొట్లో బాకీ తీర్చాలి. అమ్మాయి హాస్టలు ఫీజు కట్టాలి. ఇంట్లో మాటలు పెరుగుతాయి, లేదా బొత్తిగా ఆగిపోతాయి. అలా ఆగిపోయిన మాటలు చివరికి బయటపడే చోటు ఒకటుంది. ఒక చిన్న గది, రెండు కుర్చీలు. కష్టంతో వచ్చి కూర్చునేవారి గురించి మేము ఈ పుటలో చాలాసార్లు రాశాం. వారికి ఎదురుగా, రెండో కుర్చీలో కూర్చునే మనిషి గురించి ఈ వారం రాస్తున్నాం.

ఆ మనిషిని కౌన్సిలర్ అంటారు. మన వైపు ఆ మాట వినగానే మున్సిపల్ వార్డు గుర్తొస్తుంది. కౌన్సెలింగ్ అంటే ఇంజినీరింగ్ సీటు. ఫలానా కుర్రాళ్లకు పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారంటే స్టేషనుకు పిలిచి గట్టిగా మందలించారని అర్థం. ఇన్ని అర్థాల మధ్య అసలు పని ఏమిటో సంఘస్థులలో చాలామందికి తెలియకపోవడం వింతేమీ కాదు. కౌన్సిలరు పని సలహా చెప్పడం కాదు, మందలించడం అసలే కాదు. ఎదుటివారు తమ బాధను తమ మాటల్లో చెప్పుకునే వరకు ఆగి వినడం, విన్నదాన్ని వారికే స్పష్టంగా చూపించడం, దారి వారే వెదుక్కునేలా పక్కన ఉండడం. ప్రాణాపాయం ఉందని తోస్తే వెంటనే వైద్యునికి చేర్చడం.

ఇలాంటివారు మన మధ్య చాలామందే ఉన్నారు. హెచ్.ఐ.వి. ఉధృతంగా ఉన్న రోజుల్లో మన రెండు జిల్లాలు ఎంత దెబ్బతిన్నాయో పెద్దలకు తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో రక్తపరీక్షకు ముందూ తరువాతా ఆ మనిషితో మాట్లాడేది కౌన్సిలరే. మద్యం మాన్పించే కేంద్రాలలో, కుటుంబ సలహా కేంద్రాలలో, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో, మిషను ఆసుపత్రులలో కూడా వారున్నారు. 2022 అక్టోబరు 10న దేశమంతటా మొదలైన టెలి మానస్ ఫోను సేవలో, అంటే 14416 నంబరుకు చేసినప్పుడు, అవతల పలికేది కూడా శిక్షణ పొందిన కౌన్సిలరే. వీరిలో చాలామంది మన ఇళ్లలో పుట్టి, మన సండే స్కూళ్లలో పెరిగి, ఎం.ఎస్.డబ్ల్యు. లేదా సైకాలజీ చదివి ఆ కుర్చీలో కూర్చున్న పిల్లలే. ఆదివారం వారు మన పక్క బల్లమీదే కూర్చుంటారు.

వారి రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఊహించండి. పది గంటలకు ఒక యువకునికి పరీక్ష ఫలితం చెప్పాలి. పదకొండుకు భర్త చేతి దెబ్బలు తిన్న ఇల్లాలు. మధ్యాహ్నం, పెద్దదిక్కును పోగొట్టుకున్న కౌలు రైతు కుటుంబం, అందులో మాట్లాడని పదేళ్ల పిల్ల. సాయంత్రం, తాగుడు మానతానని నాలుగోసారి చెప్పడానికి వచ్చిన ఒక తండ్రి. ఒకరు బయటికి వెళ్లాక మరొకరు లోపలికి వచ్చే వ్యవధి కొన్ని నిమిషాలు, అదీ రిజిస్టరు రాయడానికే సరిపోతుంది. ఇక ఇంటికి వెళ్లాక, ఏమైందని అడిగితే చెప్పడానికి లేదు. విన్నది బయటపెట్టకూడదన్నది వృత్తి నియమం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను చికిత్స పొందేవారి హక్కుగానే గుర్తించింది. రైతు తన నష్టాన్ని రచ్చబండ దగ్గర చెప్పుకోగలడు. ఉపాధ్యాయుడు బడిలో జరిగిన గొడవను భార్యతో పంచుకోగలడు. కౌన్సిలరుకు ఆ వెసులుబాటు లేదు. ప్రార్థన కూటంలో లేచి మనవి చెప్పుకోవడానికి కూడా లేదు. చిన్న ఊరు, పేరు చెప్పకపోయినా ఎవరి గురించో తెలిసిపోతుంది.

ఈ అలసటకు బర్న్ అవుట్ అన్న పేరు 1974లో స్థిరపడింది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు న్యూయార్కులో ఒక ఉచిత చికిత్సాలయంలో సేవ చేస్తూ, తోటి సేవకులు నెలల తరబడి పనిచేశాక ఎలా ఖాళీ అయిపోతున్నారో చూసి రాశాడు. అతడు గమనించినదాన్ని మన సంఘాలు ప్రత్యేకంగా వినాలి. ముందుగా కూలిపోయేది బద్ధకస్తులు కాదు, అందరికంటే ఎక్కువ అంకితభావం గలవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధిగా కాక, పనిచోట ఎంతోకాలం సర్దుబాటు కాకుండా మిగిలిపోయిన ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో సత్తువ మిగలకపోవడం, పని మీదా ఆ పనిలో కలిసేవారి మీదా విసుగు, ఎడం పెరగడం, నేను చేసేదాని వల్ల ఏమీ జరగడం లేదనిపించడం.

మొదటి గుర్తును ఇంటివారు పట్టుకుంటారు. నిద్ర పట్టదు, ఫోను మోగితే ఉలికిపాటు, పిల్లలు గట్టిగా నవ్వినా చిరాకు. రెండోది తోటి ఉద్యోగులకు తెలుస్తుంది. వచ్చినవారిని పేరుతో కాక "ఆ తాగుడు కేసు" అనడం మొదలవుతుంది. మూడోది వారికొక్కరికే తెలుస్తుంది, ఎవరికీ చెప్పరు. దీనికి తోడు మరొకటుంది. ఇతరుల ఘోరాలను పదేపదే వినడం వల్ల ఆ దృశ్యాలు వినేవారికి కలలో రావడం, తమ బిడ్డ బడి నుండి పది నిమిషాలు ఆలస్యమైతే గుండె దడదడలాడడం. దీనిని బర్న్ అవుట్‌తో కలపకుండా వేరుగా చూడాలని నిపుణులంటారు, ఎందుకంటే అది మెల్లగా కాక హఠాత్తుగా రావచ్చు.

ఇది వారి సొంత బాధ మాత్రమే అయితే ఒక ప్రార్థన మనవితో సరిపెట్టుకునేవాళ్లమేమో. కాని ఇక్కడ ప్రాణాల సంగతి ఉంది. ఎదుట కూర్చున్న మనిషి చనిపోవాలనుకుంటున్నాడేమోనన్న అనుమానం కలిగితే ఆ ప్రశ్నను సూటిగా, మెత్తగా అడగాలని కౌన్సిలర్లకు నేర్పుతారు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలాసార్లు అడిగారన్న ఊరటతోనే ఆ మనిషి మాట్లాడతాడు. అయితే ఆ ప్రశ్నకు "అవును" అని జవాబొస్తే మరో రెండు గంటల పని. కుటుంబాన్ని పిలవాలి, వైద్యునితో మాట్లాడాలి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు తీయించాలి. ఒళ్లూ మనసూ ఎండిపోయిన కౌన్సిలరు, తనకు తెలియకుండానే, ఆ ప్రశ్న దగ్గర తప్పుకుంటాడు. "అంతా సర్దుకుంటుంది, వెళ్లిరండి" అంటాడు. అతడు చెడ్డవాడు కాదు. అడగడానికి సత్తువ లేనివాడు. అందుకే కౌన్సిలర్ల విశ్రాంతి కౌన్సిలర్ల సొంత వ్యవహారం కాదని మేము అంటున్నాం.

దీనికి మందుగా సాధారణంగా చెప్పే మాట "మిమ్మల్ని మీరు చూసుకోండి" అన్నది. పొద్దున్నే నడవండి, కంటినిండా నిద్రపోండి, సెలవు పెట్టండి. మంచి మాటలే. కాని మన పొలాలు తెలిసినవారికి అందులో లోపం చప్పున కనబడుతుంది. ఒకే చేలో ఏటా మిరపే వేస్తే తెగుళ్లు పెరుగుతాయని, మధ్యలో జొన్నో మినుమో వేయాలని రైతుకు తెలియదా? లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏడో ఏట భూమికే విశ్రాంతినిమ్మన్నాడు దేవుడు. సొంత భూమి ఉన్నవాడు ఆ మాట వినగలడు. కౌలుకు చేసేవాడు ఎలా వింటాడు? చేను బీడు పెట్టినా కౌలు కట్టక తప్పదు. ఏటేటా కాంట్రాక్టు పునరుద్ధరణ కోసం ఎదురుచూస్తూ, రోజుకు ఇన్ని కేసులని లెక్క చూపించాల్సిన కౌన్సిలరు కూడా కౌలు రైతులాంటివాడే. విశ్రాంతి తీసుకో అని చెప్పేవారు ఆ విశ్రాంతికయ్యే కౌలు ఎవరు కడతారో కూడా చెప్పాలి.

మీద్యాను నుండి వచ్చిన యిత్రో ఈ సంగతి గ్రహించినవాడు. నిర్గమకాండము 18లో మోషే పొద్దుటి నుండి పొద్దుగూకే వరకు కూర్చుని జనుల తగవులు వింటున్నాడు. అల్లుణ్ణి చూసిన మామ ఇంకా ఎక్కువ ప్రార్థన చేయమని చెప్పలేదు, ఓపిక పట్టమనీ అనలేదు. ఇది మంచి పద్ధతి కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. జనం నలగడం అన్న మాటను గమనించండి. రోజంతా వరుసలో నిలబడేది వారే కదా. ఆ తరువాత అతడు ఏర్పాటునే మార్చాడు. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరిని నియమించి, కష్టమైనవి మాత్రమే మోషే దగ్గరికి రానిమ్మన్నాడు. ఏలీయా విషయంలోనూ అంతే. 1 రాజులు 19లో చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు, నిద్ర, మళ్లీ రొట్టె. హోరేబులో సంభాషణ తరువాతి మాట. ఆ సంభాషణ చివర దేవుడు అతనికి ఎలీషా పేరు చెప్పాడు. ఒంటరిగా మిగిలిపోయానన్నవానికి ఒక తోడు దొరికాడు.

"మరి సిలువ ఎత్తుకోమన్నాడు కదా ప్రభువు, సేవకునికి విశ్రాంతేమిటి?" అని అడిగే పెద్దలున్నారు. ఇది తేలిగ్గా తీసేయదగిన ప్రశ్న కాదు. మన సంఘాలు త్యాగం మీద కట్టబడ్డాయి. అయితే అదే ప్రభువు, తిండికి కూడా తీరికలేని శిష్యులను ఏకాంత స్థలానికి రమ్మని పిలిచాడని మార్కు 6లో ఉంది. (అక్కడికీ జనం పరుగెత్తుకొచ్చారనుకోండి. ఆ సంగతి మన పాస్టరమ్మగార్లకు బాగా తెలుసు.) గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు రెండు వేర్వేరు గ్రీకు మాటలు వాడాడు. రెండో వచనంలోనిది ఒకరి మీద ఒక్కరే మోయలేనంతగా పడే భారం, దాన్ని కలిసి మోయాలి. అయిదో వచనంలోనిది ఎవరి మూట వారు మోసుకునే బరువు. ఇతరుల భారాన్ని ఒక్కడే తన మూటలో కట్టుకుని తిరగడం పౌలు చెప్పిన సేవ కాదు.

ఈ మాట మన ప్రాంతపు చరిత్రలోనే ఉంది. ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1న ప్రార్థించిన లైమన్ జ్యూయెట్ దొరగారు ఆరోగ్యం చెడి 1862లో అమెరికాకు వెళ్లవలసి వచ్చింది. ఆయన మళ్లీ 1865లో తిరిగివచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది జాన్ క్లవ్‌ను. 1876-78 నాటి పెద్ద కరువులో క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. ఆయన తెలుగు బోధకులు ఆ కూలీల మధ్య మేస్త్రీలుగా ఉంటూ, వారు సేదదీరే వేళ పక్కన కూర్చుని మాట్లాడేవారు. మన ప్రాంతంలో ఆదరణ పరిచర్య ఎలా మొదలైందని ఎవరైనా అడిగితే మేము ఆ కాలువ గట్టునే చూపిస్తాం. తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మన సంఘాల్లో పిల్లలకూ తెలుసు. అది ఎలా జరిగిందన్నది మాత్రం అంతగా చెప్పుకోం. నీళ్లలో దిగింది క్లవ్ కాదు, అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారి ఇద్దరు చొప్పున దిగేవారు. ఆ ఇద్దరూ అలసినప్పుడు గట్టుకు వచ్చేవారు, మరో ఇద్దరు దిగేవారు. మధ్యాహ్నం కొంతసేపు పని ఆపి విశ్రమించారు కూడా. అంతటి దినాన కూడా వంతులున్నాయి.

అయితే చరిత్రలో రెండో పక్క కూడా చూడాలి. మిషనరీలకు కొన్నేళ్లకొకసారి స్వదేశానికి సెలవు, ఎండాకాలం కొండ ప్రాంతాల్లో విడిది ఉండేవి. వారికి ఆ విశ్రాంతి అవసరమే, మేము తప్పుపట్టడం లేదు. ఇల్లిల్లూ తిరిగి స్త్రీల కష్టాలు విన్న మన బైబిలు స్త్రీలకు, పల్లెల్లోని బోధకులకు అలాంటి ఏర్పాటు లేదు. వినే పని కింది మెట్టులో ఉన్నవారిది, విశ్రాంతి పై మెట్టులో ఉన్నవారిది అన్న ఆ అలవాటు మన సంస్థల్లో ఈనాటికీ పోలేదు.

ఇక ఏం చేస్తే ఈ అలసట తగ్గుతుంది? అన్నింటికంటే ముఖ్యమైనది వృత్తిలో సూపర్‌విజన్ అనే ఏర్పాటు. ఆ మాట వినగానే పైఅధికారి తనిఖీ అనుకోకండి. అనుభవజ్ఞుడైన మరో కౌన్సిలరు దగ్గర క్రమంగా కూర్చుని, పేర్లు చెప్పకుండా, తన పనిలో ఏది బరువైందో, ఎక్కడ తడబడ్డానో, ఎవరి కథ తన వెంట ఇంటికి వస్తోందో చెప్పుకోవడం. గోప్యత చెడదు, గుండె తేలికవుతుంది, వచ్చినవారికీ మేలు జరుగుతుంది. 1953లో లండనులో ఆత్మహత్య తలంపులున్నవారి కోసం ఫోను సేవ ప్రారంభించిన చాడ్ వరా ఆంగ్లికన్ గురువు. తన కోసం ఎదురుచూసేవారికి టీ అందించే స్వచ్ఛంద సేవకులతో మాట్లాడాకే చాలామందికి సగం ఊరట కలుగుతోందని గమనించి, 1954 నాటికి వినే పనిని వారికే అప్పగించాడు. సమరిటన్స్ అని పేరొందిన ఆ సంస్థలో ఈనాటికీ ఒక నియమం ఉంది. వంతు ముగిసిన సేవకుడు తాను విన్నదాని గురించి ఒక బాధ్యునితో మాట్లాడి, బరువు అక్కడే దించి ఇంటికి వెళ్లాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. పావుగంట సమయం, వినే ఒక చెవి.

మిగిలినవి చిన్న విషయాలు, కాని పట్టుదల కావాలి. విషాద మరణం చూసిన కుటుంబాలను ఒకే రోజు వరుసగా ఒకే మనిషికి ఇవ్వకుండా పంచుకోవడం. ఇంటి ఫోనూ పని ఫోనూ వేరుగా ఉంచడం. మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర కాకుండా బయట తినడం. కౌన్సిలరు తానే మరొక కౌన్సిలరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకపోవడం. వైద్యునికి జ్వరమొస్తే మరో వైద్యుణ్ణి చూడడా? 14416 నంబరు వారికీ పనిచేస్తుంది. వేలూరులోని క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటరు వంటి చోట్ల ఈ విషయాల్లో శిక్షణ కూడా ఉంది.

సంఘస్థులకు మేము చెప్పదలచినది కొంచెం కఠినంగా ఉండవచ్చు. ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుతున్న కౌన్సిలరమ్మను ఆపి, "అమ్మా, మా చెల్లెలి సంగతి ఒక్క నిమిషం" అనకండి. ఆ ఒక్క నిమిషం గంటవుతుంది, ఆమెకు వారంలో మిగిలిన ఒకే ఒక్క ఆరాధన పోతుంది. రేపు ఆఫీసుకు రమ్మంటారా అని అడగండి. ప్రాణం మీదికి వచ్చిందనుకుంటే ఆగవద్దు, అప్పుడు మెట్ల మీదైనా చెప్పండి. "మీ దగ్గరికి ఎవరెవరొస్తారు?" అని ఆరా తీయకండి. ఆమె నీరసంగా కనిపిస్తే విశ్వాసం తగ్గిందని తేల్చకండి, ఉపవాసం ఉండమని చెప్పకండి. అన్నం పెట్టండి. మాటలు బాగా వచ్చు కదా అని స్త్రీల సమాజానికి, యౌవనస్థులకు, వి.బి.ఎస్.కు, పెళ్లి జంటల తరగతికి అన్నిటికీ ఆమెనే వేయకండి. సంఘం తరఫున కుటుంబాలను ఆమె దగ్గరికి పంపితే రుసుము సంఘమే ఇవ్వాలి. సేవే కదా అని ఊరికే చేయించుకోవడం మనకు బాగా అలవాటు. కరెంటు పని చేసినవానికి మనం అలా చెప్పం.

అయ్యగార్లకు కూడా ఒక మాట. సంఘ కాపరి వినే పని చేస్తాడు గాని శిక్షణ పొందిన కౌన్సిలరు కాకపోవచ్చు. మనం వినగలిగినంత విని, మించినదాన్ని వారికి అప్పగించాలి. అప్పగించి మరచిపోకూడదు. ఆ కుటుంబానికి బియ్యం, పిల్లల ఫీజు, ఇంటికి వెళ్లి పలకరించడం మన పనిగానే ఉండాలి. అది మనం చేస్తే కౌన్సిలరు తన పని మాత్రమే చేసుకోగలుగుతుంది.

ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం, తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశం, దక్షిణ ఇండియా సంఘం, మన ప్రాంతంలోని స్వతంత్ర సంఘాలు, ఏదైనా కావచ్చు, గుంటూరులో ఒకచోట, ఒంగోలులో ఒకచోట నెలకొక శనివారం ఒక గది తెరవగలవు. అందులో చర్చి కార్యక్రమమేదీ పెట్టవద్దు, ప్రసంగం వద్దు, ఫొటోలు వద్దు. ఆ రెండు జిల్లాల కౌన్సిలర్లు, ఏ మతంవారైనా, వచ్చి ఒక అనుభవజ్ఞుని దగ్గర కూర్చుంటారు. ఖర్చు ఏమిటంటే ఆ అనుభవజ్ఞుని రుసుము, వచ్చినవారి బస్సు చార్జీలు, ఒక పూట భోజనం. మిరప కోతలు ముగిసి, కోతకాలపు పండుగ వేలంలో మిరపకాయల బస్తాలు, పత్తి మూటలు, కోళ్లు అమ్మి వచ్చిన సొమ్మును గుడి రంగులకో మైకు సెట్టుకో కేటాయించే సమయం దగ్గర పడుతోంది. పాస్టరేటు కమిటీలు లెక్కలు వేసేటప్పుడు ఈ గదికి కూడా ఒక పద్దు రాయమని కోరుతున్నాం. ఏ సంఘమైనా ముందుకు వస్తే, ఎవరిని పిలవాలో, ఎలా మొదలుపెట్టాలో మాట్లాడడానికి ఈ పత్రిక కార్యాలయం సిద్ధంగా ఉంది.